జపాను కారుకు జీపు చక్రాలు

నా ఉద్యోగమంతా నరసరావుపేటలో ఆయిల్ ఇంజన్లు, నీళ్ళ పంపులు అమ్మడంతోనే గడిచింది. మొత్తం సర్వీసులో నేను అమ్మింది ఒకే ఒక్క కారు. అది అమ్మడానికి పడ్డ అవస్థతో ఒక తాలూకా రైతులందరికీ ఇంజన్లు బిగించి ఉండేవాణ్ణి. ఇప్పుడు అద్దాల గదుల్లో, మెడకు టై కట్టుకుని కార్లమ్మే కుర్రవాళ్ళు నన్ను చూసి, "మీ కాలంలో బాగుండేదేమో తాతగారూ, జనం మంచివాళ్ళు" అంటూ ఉంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అరవైల నడుమ సంగతి. నాగార్జునసాగర్ ఆనకట్ట కడుతున్న రోజులు. గురజాల వైపు ఒక పెద్ద ఊళ్ళో ఒక పెద్ద రైతు ఉండేవాడు. ఆయన కొడుకును ఊరంతా చినబాబు అనేది. చినబాబు ప్లీడరు చదువు చదవడానికి మద్రాసు వెళ్ళి, చదువు వదిలేసి కారు తెచ్చుకున్నాడు. ఓడల కంపెనీలో పనిచేసే ఒక విదేశీ ఆఫీసరు తన దేశానికి పోతూ అమ్మేసిన జపాను కారు అది. ఎర్రటిది, ఇద్దరే కూర్చునేది, పైన గుడ్డ టాపు. పందేలకు పోయే రకమని చెప్పుకునేవారు. అప్పట్లో జపాను అంటే మాకు తెలిసినవి రేకు బొమ్మలు, నైలాను గుడ్డలు. ఆ దేశం కార్లు కూడా చేస్తుందంటే మా షాపు షావుకారే నమ్మలేదు. "కీ ఇస్తే నడుస్తదంటయ్యా అది?" అని అడిగాడు.

నిజం చెప్పాలంటే ఆ కారు మంచిది. వచ్చిన కొత్తలో దాని ఇంజను చప్పుడు విన్నాను. కుట్టుమిషను తిరిగినట్టు సన్నగా, శ్రద్ధగా పనిచేసేది. దాన్ని చేసినవాళ్ళు బుర్రపెట్టి చేశారు. కొన్నవాడు ఆ పని చెయ్యలేదు.

పల్నాడు రోడ్లు మీకు తెలుసు. ఆ రోజుల్లో ఇంకా అన్యాయం. బండ్ల చక్రాలు తొక్కిన గాళ్ళు, మధ్యలో తేలిన నాపరాళ్ళు. కారు పొట్ట నేలకు జానెడెత్తులో ఉండేది. మొదటి వారమే రాళ్ళకు గీసుకుంది. తెలివిగలవాడు మద్రాసుకు తిప్పి పంపి అమ్ముకునేవాడు. చినబాబు గుంటూరులో ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్ళి, జీపు స్ప్రింగులు, జీపు చక్రాలు వేయించాడు. చక్రాలు మడ్‌గార్డులకు తగులుతున్నాయని మడ్‌గార్డులు కోయించాడు. అంత పెద్ద చక్రాలను ఆ చిన్న ఇంజను లాగలేక మూలిగితే, శబ్దం గంభీరంగా ఉంటుందని సైలెన్సరు పీకించాడు. లారీ హారను పెట్టించాడు. హారను కొడితే బ్యాటరీ చచ్చిపోతుందని ఇంకో బ్యాటరీ తెచ్చి, పక్క సీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట బిగించాడు. దాంతో ఆయన పక్కన కూర్చున్నవాడు మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చోవలసిందే. తన వెంట ఇద్దరు మనుషులు లేకపోతే బయటికి కదలడు గనుక, వెనక డిక్కీ మూత కోసేసి అడ్డంగా ఒక చెక్క వేయించాడు. ఆ చెక్క మీద కూర్చున్నవాళ్ళు పడిపోకుండా ఇనప బంపరు, పట్టుకోవడానికి కడ్డీ. చివరికి గుడ్డ టాపు కూడా తీసేశాడు, నిలబడి దణ్ణాలు పెట్టడానికి అడ్డమని.

అలా తయారైన కారును, ఇక నచ్చలేదని, మా షాపుకు తోలుకొచ్చి అమ్మిపెట్టమన్నాడు.

"కొన్న ఖరీదు, దాని మీద నేను చేయించిన పనుల ఖరీదు, రెండూ కలిపి రావాల. నా బుర్ర కూడా ఉంది గదా ఇందులో" అన్నాడు.

షావుకారు నమస్కారం పెట్టి ఒప్పుకున్నాడు. ఆ ఇంటివాళ్ళు మా దగ్గర ట్రాక్టరు కొంటారని ఆయనకు ఆశ. పల్నాడులో ఒక ట్రాక్టరు ఒకరి ఇంటి ముందు నిలబడితే, పక్క ఊళ్ళో నాలుగు నిలబడతాయని ఆయన లెక్క. చినబాబు వెళ్ళాక నన్ను పిలిచి, "ఒరేయ్, ఈ దరిద్రాన్ని ఎవడికన్నా తగిలించు. నువ్వు మేస్టారి కొడుకువి, ఇంగిలీషు మాట్లాడతావు. ఈ పని చెయ్యలేకపోతే నీకు జీతం ఎందుకు?" అన్నాడు. మా నాన్న బెల్లంకొండ దగ్గర మిషన్ బడిలో టీచరు. ఆ ఒక్క కారణంగా ఇంగిలీషు పేరున్న వస్తువులన్నీ నా నెత్తిన పడేవి.

మా షాపులో ఒక పెద్ద మెకానిక్కు ఉండేవాడు. మేమంతా ఆయన్ను చాచా అనేవాళ్ళం. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "దీన్ని మందు పెట్టి బాగు చెయ్యలేం అబ్బాయ్. తోలు, తోలినంత తోలు. బ్రేకు మాత్రం నమ్మొద్దు, అవి పాత చక్రాలకు చేసినయ్యి" అని చెప్పి బీడీ ముట్టించుకున్నాడు.

బేరాలు రాకపోలేదు. మాచర్ల నుంచి ఒక టూరింగ్ టాకీసు ఆయన వచ్చాడు. కారు అక్కర్లేదు, హారను ఒక్కటి అమ్ముతారా అని అడిగాడు. రెంటచింతల వైపు చర్చి ఫాదరు ఒకాయన మోటారు సైకిలు మీద పోతూ ఆగాడు. చెక్క మీద ఎక్కి కూర్చుని, దిగి, "ప్రభువు గాడిద మీద వెళ్ళాడు, నాకు ఇది ఎందుకు బాబూ" అని నవ్వుతూ పోయాడు. మిగిలినవాళ్ళంతా చూడ్డానికి వచ్చినవాళ్ళే. పొగాకు వ్యాపారులు, గుమాస్తాలు, పెళ్ళి బేరాలకు ఊరొచ్చినవాళ్ళు, అందరూ ఒకసారి కూర్చుని స్టీరింగు తిప్పి, సీటు తోలు గిల్లి, "జపానోడు చానా తెలివిగలోడు" అని ఒక మాట అని వెళ్ళేవాళ్ళు. జపానువాడు చేసిందేదీ ఆ కారులో వాళ్ళ కళ్ళకు కనబడేచోట మిగల్లేదు.

ఎండలు ముదిరాక ఒక అసలు బేరం తగిలింది. సాగర్‌లో మట్టి పనులు చేయించే కాంట్రాక్టరు. బంగారు ఉంగరాలు, తెల్ల బూట్లు. ఆయనకు కావలసింది బండి కాదు, ఇంజినీర్ల ముందు దిగడానికి ఒక వింత వస్తువు. ఆ సాయంత్రం ఎత్తిపోతల జలపాతం దగ్గర బంగళాలో ఇంజినీర్లకు విందు ఇస్తున్నాడట. "అక్కడిదాకా ఇందులోనే పోదాం. వాళ్ళు బాగుందంటే అక్కడే డబ్బిస్తా" అన్నాడు. కబురందుకుని చినబాబు సిల్కు చొక్కా వేసుకుని తానే తోలతానని వచ్చాడు. కాంట్రాక్టరు మోకాళ్ళు గడ్డానికి పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక చెక్క మీద. నా పక్కన కాంట్రాక్టరు గారి తోలు సంచి, ఒక పెట్టె నిండా గోలీ సోడాలు. అవి మద్యనిషేధం రోజులు. సంచిలో ఏముందో సోడాలను చూస్తే తెలుస్తుంది.

గురజాల దాటేసరికి మిట్టమధ్యాహ్నం. రెంటచింతల ఎండ గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు. కడ్డీ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. రెంటచింతల దాటి కొంతదూరం పోయాక రోడ్డు పక్కన నాపరాయి క్వారీ ఉంది. అక్కడ ఒక ఆడమనిషి రోడ్డు మధ్యకు వచ్చి రెండు చేతులూ అడ్డంగా చాపి నిలబడింది. చినబాబు హారను కొట్టాడు. ఆమె కదల్లేదు. బ్రేకు మీద నిలబడితే, కారు ఆమె ముందు బారెడు దూరంలో ఆగింది.

కంపచెట్టు కింద ఆమె మొగుడు పడి ఉన్నాడు. రాళ్ళు కొట్టే మనిషి. వడదెబ్బ. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట లేదు, కళ్ళు తేలేశాడు. బస్సు రావడానికి ఇంకా చాలాసేపు ఉంది.

"బాబూ, మాచర్ల ఆసుపత్రిదాకా తీసుకుబోండి. మీ కాళ్ళు మొక్కుతా" అందామె.

చినబాబు సీటు తోలును ఒకసారి నిమిరాడు. "ఇది అట్టాంటి బండి కాదమ్మా. మనుషులు పట్టరు. సీట్లు మాసిపోతయ్యి" అన్నాడు. కాంట్రాక్టరు ఆనకట్ట కనిపిస్తుందేమో అన్నట్టు ఎటో చూస్తున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కానీ చినబాబుతో ధర్మం గురించి మాట్లాడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఏమీ కాదు. నాకు వచ్చిన విద్య అమ్మకం ఒక్కటే. కాంట్రాక్టరు వైపు తిరిగి, "అయ్యా, మీరు ఉత్త బండి చూశారు గాని బరువుతో లాగుద్దో లేదో చూళ్ళేదు. రేపు ఇంజినీరు గారి కుటుంబం ఎక్కితే ఎట్టా? ఈ ఇద్దర్నీ ఎక్కించి చూద్దాం. లాగకపోతే కొనబాకండి" అన్నాను.

కాంట్రాక్టరు ఆలోచించాడు. "నిజమే. లాగుద్దా?" అన్నాడు.

"లాగుద్దా అంటారేంది?" చినబాబు ముఖం ఎర్రబడింది. "నా బండి లాగదా? ఎక్కించండి. ఎంతమంది ఉంటే అంతమందిని ఎక్కించండి."

ఇంకో మాట వచ్చేలోపు క్వారీవాళ్ళ సాయంతో మనిషిని ఎత్తి చెక్క మీద పడుకోబెట్టాం. ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిన్న కుండతో నీళ్ళు తెచ్చుకుంది. కొంగు తడిపి ఒళ్ళు తుడుస్తూ ఉంది. సోడాల పెట్టె కాళ్ళ దగ్గరికి జరిపి, నేను బంపరు మీద నిలబడి కడ్డీ పట్టుకున్నాను.

బండి లాగింది. ఆ ఇంజనుకు దణ్ణం పెట్టాలి. కానీ మాచర్ల ఇంకా కొంత దూరం ఉండగానే ముందునుంచి తెల్లగా ఆవిరి లేచింది. చినబాబు ఆపి, బానెట్టు ఎత్తి, వెనక్కి వచ్చి కుండ వైపు చెయ్యి చాపాడు.

"ఆ నీళ్ళు ఇటివ్వు. రేడియేటర్లో పొయ్యాల."

ఆమె కుండను ఒళ్ళోకి లాక్కుంది. "ఇయ్యను."

"ఇంజను పట్టేసుద్దే. దాని ఖరీదు ఎంతో తెలుసా నీకు?"

"నీ బండికి దాహమైతే నా మొగుడి నోట్లోయి తీసి పొయ్యాలా? ఈ నీళ్ళు అయిపోతే ఈయన పోతాడు. నీ బండి పోతే ఇంకోటి కొనుక్కో."

"బండి కదలకపోతే నీ మొగుడు ఆసుపత్రికి ఎట్టా బోతాడు? నడిచా?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఆమెకూ అది తెలుసు. కుండను మాత్రం వదల్లేదు. ఒకసారి మొగుడి ముఖం చూసింది, ఒకసారి ఆవిరి వైపు చూసింది. చుట్టూ కనుచూపు మేర ఒక్క బావి లేదు, ఒక్క ఇల్లు లేదు. ఆ ఎర్రటి ఇనుము, ఎర్రటి నేల, ఆ మనిషి పీల్చే గాలి చప్పుడు.

నేను వంగి సోడా పెట్టె తెరిచాను.

"ఏందయ్యా నువ్వు చేసేది?" కాంట్రాక్టరు కేకేశాడు. "అవి ఇంజినీర్లకు."

"సోడాలు మాచర్లలో దొరుకుతయ్యి అయ్యా. మనిషి దొరకడు."

రేడియేటరు కాస్త చల్లబడేదాకా ఆగి, తువ్వాలు చుట్టి మూత తిప్పాను. బొటనవేలితో గోలీలు నొక్కి ఒక్కొక్క సోడా పోస్తూ పోయాను. మొదటిది బుస్సున పైకి లేచి చినబాబు సిల్కు చొక్కా మీద పడింది. ఆయన వెనక్కి గెంతాడు. అంత కష్టంలోనూ ఆమె నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం చూశాను. పెట్టె ఖాళీ అయింది. ఇంజను మళ్ళీ అందుకుంది. సోడా తాగి నడిచిన కారును నేను అంతకుముందూ చూళ్ళేదు, తర్వాతా చూళ్ళేదు.

మాచర్లలో ఆసుపత్రి ముందు ఆగాలని చినబాబు బ్రేకు తొక్కాడు. కారు ఆసుపత్రి దాటి, పక్కన ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసక కుప్పలోకి ఎక్కి ఆగింది. ఆ చప్పుడుకు బజారంతా పరుగెత్తుకొచ్చింది. పదిమంది చేతుల మీద మనిషిని లోపలికి తీసుకెళ్ళారు. కొంతసేపటికి డాక్టరు బయటికి వచ్చి, "బతుకుతాడు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాణ్ణి. ఎవరు తెచ్చింది?" అన్నాడు.

జనం చినబాబు వైపు చూశారు. ఇసక కుప్ప మీద ఎర్ర కారు, అందులో తడిసిన సిల్కు చొక్కాతో ఆయన. "దేవుడిలా వచ్చావు బాబూ" అని ఒక ముసలమ్మ చేతులెత్తి మొక్కింది. అప్పుడు ఆయన ముఖంలో వచ్చిన మార్పు నేను దగ్గర నుంచి చూశాను. ముందు ఆయనకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తర్వాత, ఆ మాట తానే ఎప్పుడో అనుకున్నట్టు తల ఊపాడు. లేచి సీటు మీద నిలబడి దణ్ణం పెట్టాడు. పడిపోయినవాడు తన ఊరివాడేనని, క్వారీ తన మేనమామదేనని ఎవరో చెబితే ఆయనకు అప్పుడే తెలిసింది.

"మా ఊరోణ్ణి నేను వదిలేస్తానా?" అన్నాడు.

కాంట్రాక్టరు తోలు సంచి చంకన పెట్టుకుని సాగర్ బస్సెక్కాడు. ఎక్కేముందు నాతో, "బండి లాగింది గాని ఆగలేదయ్యా" అన్నాడు. ఆ రోజు ఆ కారు గురించి తెలివిగా మాట్లాడింది ఆయనే.

చినబాబు నా భుజం మీద చెయ్యి వేసి, "షావుకారికి చెప్పు, ఇది ఇక అమ్మేది కాదు. ప్రాణాలు నిలబెట్టిన బండి" అన్నాడు. ఎద్దును ముల్లుకర్రతో పొడిచినట్టు పొడిచి నేను ఆయన చేత మంచిపని చేయించాను. ఆయన దాన్ని తన సొంత గుణమని ఇంటికి తీసుకుపోయాడు.

తర్వాత కొన్నాళ్ళకు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. చినబాబు నిలబడ్డాడు. కారుకు ముందు 'ప్రాణదాత' అని తెల్లరంగుతో రాయించాడు. బ్యాటరీలు చూసుకోవడానికని షావుకారు నన్ను ఆ ఊరు పంపాడు, ట్రాక్టరు ఆశ ఇంకా చావలేదు. చివరి మీటింగులో రాళ్ళు కొట్టేవాడి భార్యను కారు వెనక చెక్క మీదికి ఎక్కించి, నోటి ముందు మైకు పెట్టారు.

"అమ్మా, ఆ రోజు నీ పసుపు కుంకుమలు ఎవరు నిలబెట్టారో నలుగురికీ చెప్పు" అన్నాడు చినబాబు మనిషి ఒకడు.

ఆమె మైకు వైపు, జనం వైపు చూసింది. తొణక్కుండా చెప్పింది.

"మా ఆయన ఎండకు పడిపోయాడు. నేను బండికి అడ్డం నిలబడ్డా. ఈ బాబు సీట్లు మాసిపోతయ్యన్నాడు. దోవలో మా నీళ్ళు అడిగాడు. నేనియ్యలా. ఈ ఇంజన్ల షాపాయన సోడాలు పోస్తే బండి కదిలింది. డాక్టరు గారు మందిచ్చాడు. అదీ జరిగింది."

ఎవరో హారను నొక్కారు. అది ఆగేసరికి ఆమెను దించేశారు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఇక బాబు పని అయిపోయిందనుకున్నాను. నా పక్కన నిలబడ్డ రైతు చుట్ట తీసి, "ఎట్టాగైతేనేం, తీసుకుబోయాడు గదా. ఇంకొకడైతే బండే ఆపడు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నారు. ఆయన ఆపలేదని, ఆమె ఆపించిందని, అప్పుడే ఆమె నోటితో విన్నారు. అయినా అవునన్నారు.

చినబాబు బ్రహ్మాండంగా గెలిచాడు. మెంబర్లు ఆయన్నే ప్రెసిడెంటుగా ఎన్నుకున్నారు. ఆ తర్వాత గురజాల బస్టాండులో ఆ అమ్మ కనబడింది. మొగుడు కోలుకుని మళ్ళీ పనికి పోతున్నాడని చెప్పింది. ఉండబట్టలేక, ఓటు ఎవరికి వేశావమ్మా అని అడిగాను.

"బాబుకే అన్నా."

"అదేందమ్మా? మైకులో అట్టా చెప్పి?"

"నోరు నాది, చెప్పా. క్వారీ వాళ్ళది, ఓటేశా. పని మానిపిస్తే మేం యాడికి బోవాల?" అని, బస్సు రాగానే మూట ఎత్తుకుని ఎక్కేసింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. కారు చుట్టూ నిలబడి అవునన్నవాళ్ళ మీద వచ్చింది. వాళ్ళను మేనమామ క్వారీ ఏమీ చెయ్యలేదు. ఊరికే అన్నారు.

ప్రెసిడెంటు గారు టాపు లేని కారులో ఎండన పడి తిరగడం మర్యాద కాదని, చినబాబు పెద్ద కారు కొనుక్కుని, ప్రాణదాతను మళ్ళీ మా షాపుకు పంపాడు. ట్రాక్టరు గుంటూరులో ఇంకొకరి దగ్గర కొన్నాడని కూడా దాన్ని తోలుకొచ్చిన డ్రైవరే చెప్పాడు. షావుకారు ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం నన్ను పిలిచి, "ఇప్పుడు దానికి పేరొచ్చిందిరా. అది చెప్పి రేటు పెంచు" అన్నాడు.

నేను ఏదీ పెంచలేదు. కృష్ణ అవతల నుంచి ఒక రైతు వచ్చాడు. మిరప కారం పట్టే మర పెట్టుకుంటున్నాడు, ఇంజను కోసం తిరుగుతున్నాడు. కారు చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బ్రేకులు పనికిరావు, స్ప్రింగులు వేరే బండివి, చక్రాలు వేరే బండివి, టాపు లేదు, డిక్కీ లేదు. ఇంజను ఒక్కటి మాత్రం చేసినవాళ్ళు చేసినట్టే ఉంది. చాచా స్టార్టు చేశాడు. ఆ రైతు తల వంచి, చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. మెచ్చుకోలుగా బానెట్టు మీద చెయ్యి పెట్టాడు.

"ఇసొంటి మంచి బండిని ఇట్ల ఖరాబు జేసినోడు ఎవడు?" అని అడిగాడు.

"చినబాబు అని, గురజాల వైపు."

"ఇప్పుడేం జేస్తున్నడు?"

"పంచాయతీ ప్రెసిడెంటు."

"ఎవలు జేసిండ్రు?"

"మేమే. జనమే ఓట్లేశారు."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నడుముకు కట్టుకున్న డబ్బు సంచి విప్పుతూ అన్నాడు:

"గట్లనా. అయితే మీకన్న ఈ బండే నయం. దీన్ని నేను ఇడిపించుకపోతున్న గద."